మూడు ప్రతుల్లో అవమానం

మా విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇవ్వడానికి వచ్చిన బృందంలో ఒక పెద్దమనిషి భోజనాల దగ్గర పెరుగన్నం కలుపుకుంటూ, "మీ పిల్లలు ఫీల్డువర్కుకు వెళ్లి ఏడుస్తున్నారట. వాళ్లలో రెసిలియన్స్ పెంచడానికి మీరేం చేస్తున్నారు?" అని అడిగాడు. మాటవరసకే అడిగాడు. జవాబు వినకుండా చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు కూడా. కానీ ఆ ప్రశ్న మా సోషల్ వర్క్ విభాగాధిపతి ఆచార్య నిరంజనం గారి గొంతులో చేపముల్లులా దిగబడింది.

పిల్లలు ఏడ్చిన మాట నిజమే. అంతకు ముందు ఏడాది ఇద్దరమ్మాయిల్ని పెద్దాసుపత్రిలో కాలిన గాయాల వార్డుకు పంపి, మూడు వారాల పాటు ఎలా ఉన్నారని అడగడం అందరం మర్చిపోయాం. వాళ్లెందుకు ఏడ్చారన్నది విభాగ సమావేశంలో చర్చకు రాలేదు. అజెండాలో లేదు.

అజెండాలో ఉన్నది ఒకటే మాట: స్థితిస్థాపకత. రెసిలియన్సుకు తెలుగు కోసం నిరంజనం గారు రెండు రోజులు నిఘంటువులు తిరగేసి దాన్ని పట్టుకొచ్చారు. భౌతికశాస్త్రం వాళ్లు రబ్బరుకు వాడుకునే మాట అది. లాగాలి, వదలాలి, వస్తువు మళ్లీ మొదటి ఆకారానికి రావాలి. రానిది నాసిరకం.

"కష్టం లేనిదే దార్ఢ్యం సిద్ధించదు," అన్నారు నిరంజనం గారు, బల్ల మీద వేలితో గీత గీస్తూ. "మరి మన పాఠ్యప్రణాళికలో కష్టానికి కేటాయించిన క్రెడిట్లు ఎన్ని? సున్న. ఈ శూన్యాన్ని మనం యుద్ధప్రాతిపదికన పూరించాలి. ఏమంటావు పురుషోత్తం?"

పురుషోత్తం అంటే నేనే. ఫీల్డువర్కు సమన్వయకర్తను. పదకొండేళ్లుగా ఏటికేడాది పొడిగింపు మీద బతుకుతున్న కాంట్రాక్టు అధ్యాపకుణ్ణి కాబట్టి, చాలా బాగుందన్నాను.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. ప్రతి విద్యార్థీ ఫీల్డువర్కులో వారానికి కనీసం ఆరు అవమానాలు పొందాలి. దీనికి యాభై మార్కులు. ప్రతి అవమానాన్నీ ఫారం మీద నమోదు చెయ్యాలి. ఫారంలో పద్నాలుగు గడులు: తిట్టినవారి పేరు, హోదా, తిట్టబడినవారి హాల్ టికెట్ నంబరు, సమయం, అవమానం ప్రత్యక్షమా పరోక్షమా, దేన్ని ఉద్దేశించినది, తీవ్రత ఎంత, ఇలా. అన్నీ నింపాక తిట్టినవారు సంతకం చేసి ముద్ర వెయ్యాలి. అడుగున "తట్టుకున్నాను" అని అచ్చేసి ఉన్న చోట విద్యార్థి సంతకం చెయ్యాలి. మూడు ప్రతులు. ఒకటి విద్యార్థికి, ఒకటి ఆ ఆఫీసుకు, ఒకటి మాకు. జిరాక్సు చెల్లదు. మూడూ తిట్టినవారే స్వహస్తాలతో రాయాలి. స్వహస్తాలతో రాస్తేనే అవమానంలో చిత్తశుద్ధి తెలుస్తుందని నిరంజనం గారి సిద్ధాంతం.

ఇక కావలసింది తగిన ఆఫీసు. సర్వే నేనే చేశాను. ఆసుపత్రి చీటీల కిటికీ దగ్గర బాగానే తిడతారు గాని నిలకడ లేదు, రద్దీ ఉన్న రోజే తిడతారు. బస్సు డిపోలో అందరినీ కలిపి మూకుమ్మడిగా తిడతారు. వ్యక్తిగత శ్రద్ధ లేదు. చివరికి మా ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న మండలాఫీసులో, రెండో గది కిటికీ పక్కన, సీనియర్ అసిస్టెంటు వైకుంఠం గారు దొరికారు.

నేను వెళ్లేసరికి ఆయన ముందు ఓదెమ్మ అనే ముసలావిడ చేతిసంచీతో నిలబడి ఉంది. ఆమె పేరు భూమి రికార్డుల్లో "ఓదెలు, పురుషుడు" అని పడింది. దాన్ని సరిచేయించుకోవడానికి మూడేళ్లుగా తిరుగుతోంది.

"నువ్వు ఆడిదానివా మొగోనివా, నన్నడుగుతవేంది?" అంటున్నారు వైకుంఠం గారు, తల ఎత్తకుండా. "కాయితంల మొగోడని ఉన్నది. నీ మొకం చూసి కాయితం మార్చాల్నా? పో. మీసాలు లెవ్వని డాక్టరు దగ్గర రాయించుకరా."

ఓదెమ్మ చెంపలు తడుముకుంటూ బయటికి వెళ్లింది. నేను నా పుస్తకంలో "అత్యుత్తమం" అని రాసుకున్నాను.

ఒప్పంద పత్రం పట్టుకుని వెళ్లినప్పుడు వైకుంఠం గారు దాన్ని రెండుసార్లు చదివి, "స్థితి స్థాపన అంటరు సరే. ఎక్కడ స్థాపిస్తరు సార్? జాగ ఏది? సర్వే నంబరు లేకుంటె నేను సంతకం పెట్ట," అన్నారు. స్థాపించేది పిల్లల మనసులో అని చెప్పాక, తహసీల్దారు గారు ఊఁ అన్నాక, ఒప్పుకున్నారు. విశ్వవిద్యాలయం సభామందిరంలో ఆయనకు శాలువా కప్పి "గౌరవ దార్ఢ్య శిక్షకులు" అన్న బిరుదిచ్చాం. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయనను ఎవరూ ఒక మంచి మాట అన్న పాపాన పోలేదట. శాలువా కొసతో కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఆయన దగ్గరికి పంపిన ఐదుగురు విద్యార్థుల్లో ఎనగందుల మమత ఒకతె. పొడుగ్గా, సన్నగా, తక్కువ మాట్లాడే పిల్ల. తల్లి బీడీలు చుడుతుంది. స్త్రీల సహాయ కేంద్రంలో కౌన్సెలర్ ఉద్యోగానికి మమత అప్పటికే ఎంపికైంది. జూన్‌లో డిగ్రీ చేతికి రావడమే తరువాయి. మొదటి రోజే నన్ను వరండాలో ఆపి అడిగింది.

"సార్, నేను ఇదే ఆఫీసుకు కులం సర్టిఫికెట్ కోసం పదకొండు సార్లు వచ్చిన. ఈ సారు తోటే తిట్లు పడ్డ. అవి లెక్కకు రావా?"

"ఫారం ఉందా?"

"అప్పుడు ఫారం లేదు గద సార్."

"అయితే రావమ్మా," అన్నాను. చింతించాను కూడా. నిబంధన నిబంధనే.

మొదటి వారం అద్భుతంగా నడిచింది. కుర్చీ ఎందుకు లాగావని, అలా ఎందుకు నిలబడ్డావని, పీజీ చదివి పిన్ను కొట్టడం రాదేమని వైకుంఠం గారు ధారాళంగా తిట్టారు. తిట్టిన ప్రతిసారీ మమత చప్పుడు లేకుండా ఫారం తీసి, పెన్ను మూత తీసి ఆయన ముందు పెట్టేది. మూడు ప్రతులు నింపడానికి ఇరవై నిమిషాలు పట్టేది. శనివారం శనివారం తహసీల్దారు గారు ఫారాలు లెక్క చూసేవారు, ఒక గడి ఖాళీ ఉన్నా వెనక్కి పంపేవారు.

"దీన్ల 'దేన్ని ఉద్దేశించినది' అంటే ఏం రాయాలమ్మా?" అని అడిగారు వైకుంఠం గారు ఒకరోజు.

"నన్ను 'గాడ్దికి చదువు చెప్పినట్టే' అన్నరు సార్. చదువును అన్నరా, నన్ను అన్నరా?"

ఆయన గడిలో ఒకటి రాసి, కొట్టేశారు. "గాడిదను అన్న," అన్నారు చివరికి, నీరసంగా.

రెండో వారం నిరంజనం గారు సర్క్యులర్‌కు సవరణ తెచ్చారు. విద్యార్థుల చెవిన పడేలా ప్రజల్ని తిట్టినా అది పరోక్ష అవమానం కిందికి వస్తుంది, దానికీ ఫారం రాయాలి అని. పిల్లలకు మార్కులు తొందరగా పోగవుతాయని ఆయన ఉద్దేశం. ఐదుగురు పిల్లలూ ఆ గదిలోనే ఉంటారు కాబట్టి ఒక్క రైతును ఒక్క మాట అంటే ఐదు ఫారాలు, పదిహేను ప్రతులు. వైకుంఠం గారి కుడి బొటనవేలు వాచింది.

మనిషిని తిట్టి పంపితే గంటన్నర రాత. అదే కాగితం మీద సంతకం చేసి పంపితే రెండు నిమిషాలు. ఈ లెక్క ఆయనకు ఎవరూ చెప్పలేదు. బొటనవేలే చెప్పింది.

మూడో వారంలో ఓదెమ్మ వచ్చింది. వైకుంఠం గారు ఆమెను చూసి నోరు తెరిచారు. మమత, మిగతా నలుగురూ ఫారాలు తీశారు. ఆయన నోరు మూసుకున్నారు.

"కూసో అవ్వా," అన్నారు.

ఓదెమ్మ కూర్చోలేదు. గోడకు ఆనుకుంది. "ఏంది సారూ, పానం మంచిగ లేదా?"

"బాగనే ఉన్నది. ఆధార్ కార్డు తియ్యి. ఇగో, ఇక్కడ వేలు పెట్టు. పేరు మార్చుడు అయిపాయె. ఎల్లుండి వచ్చి నకలు తీస్కపో."

ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మమత చెవిలో గుసగుసగా, "బిడ్డా, ఈయనకు బదిలీ అయిందా? లేకుంటె సచ్చిపోతడా ఏంది?" అని అడిగింది.

ఐదో వారానికి వైకుంఠం గారి గది ముందు వరస లేదు. పెండింగు ఫైళ్ల బీరువాలో కింది రెండు అరలు ఖాళీ అయ్యాయి. నిజం చెప్పాలంటే నాకు ఒక్క క్షణం సంతోషమనిపించింది. ఆ మధ్యాహ్నమే నిరంజనం గారు నన్ను పిలిచారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"పురుషోత్తం, గత పక్షం రోజుల్లో ఆ కేంద్రం నుంచి అందిన అవమానాల సంఖ్య ఎంతో తెలుసా? శూన్యం! నిర్ధారిత లక్ష్యం అరవై! ఆ గుమాస్తా మర్యాదకు దిగజారాడు. అతని సౌజన్యం వల్ల ఐదుగురు విద్యార్థుల భవిష్యత్తు అంధకారబంధురమవుతోంది."

"ప్రజల పనులు మాత్రం అవుతున్నాయి సార్."

"అది మన పరిధిలోని అంశం కాదు."

వైకుంఠం గారికి సంజాయిషీ నోటీసు వెళ్లింది. మర్యాదగా ప్రవర్తించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో తెలుపవలెను. అర్ధ సంవత్సరం మార్కుల జాబితా కూడా వచ్చింది. మమతకు యాభైకి పది. ఈ పేపరు తప్పితే డిగ్రీ రాదు. డిగ్రీ రాకపోతే సహాయ కేంద్రం వాళ్లు జూన్ దాటాక ఆగరు.

మర్నాడు నేను మండలాఫీసుకు వెళ్లేసరికి మమత వైకుంఠం గారి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"సార్, జెర తిట్టుండ్రి సార్. ఇరవై తిట్లు తక్కువ పడ్డయ్."

"నాకు మాత్రం లేదా బిడ్డా నిన్ను పాస్ చేయాల్నని?" అన్నారాయన దిగులుగా. "తిట్టు రావాలంటె కోపం రావాలె. కోపం రావాలంటె ముందట జనం మీద పడుతుండాలె, ఫైళ్లు మీదికొస్తుండాలె, ఎండ కొట్టాలె. ఇప్పుడు జనమే లేకపాయె. పొద్దున ఇంట్ల నుంచి కోపం తెద్దమనుకున్న. మా ఆమె కూడ ఈ నడుమ నాతోటి మంచిగనే ఉంటున్నది."

అయినా ప్రయత్నించారు. లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, "ఓ మమతా... నువ్వు... పనికిరాని..." అని, ఆమె ముఖంలోకి చూసి, "లెక్కలు మంచిగ రాస్తవ్ గదనే!" అని కూలబడ్డారు.

గురువారం నిరంజనం గారే తనిఖీకి వచ్చారు. వెంట నేను. ఆయన చేతిలో స్టాప్‌వాచ్ గడియారం. వైకుంఠం గారి బల్లకు ఎదురుగా కుర్చీ వేయించుకుని, మమతను మధ్యలో నిలబెట్టారు. ఎల్లుండి రమ్మన్న నకలు కోసం ఓదెమ్మ ఇన్నాళ్లకు తీరిక చేసుకుని వచ్చి, గుమ్మం దగ్గర కూర్చుని ఉంది.

"ప్రారంభించండి," అన్నారు నిరంజనం గారు గడియారం నొక్కి.

వైకుంఠం గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, నువ్వు నిన్న పంకా బంద్ చెయ్యకుండ పోయినవ్. గట్ల చేస్తె మంచిగుండదు."

"ఇది అవమానమా?" నిరంజనం గారు గడియారం ఆపేశారు. "ఇది సుభాషితం! అయ్యా, అవమానించడం ఒక శాస్త్రం. లక్ష్యాన్ని ఎంచుకోవాలి. మర్మస్థానాన్ని గుర్తించాలి. మీకు చేతకాకపోతే నేను చూపిస్తాను."

ఆయన లేచి, గడియారం మళ్లీ నొక్కి, మమత ముందుకు వెళ్లారు. రెండో చేతిలో ఆమె దరఖాస్తు నకలు ఉంది. అందులో తల్లి వృత్తి అన్న చోట వేలు పెట్టారు.

"బీడీల చేట ముందు పుట్టినదానివి. తునికాకు కత్తిరించే చేతికి కలమెందుకు? నీ వంటి వాళ్లకు ఉపకార వేతనాలిచ్చి మా గడప తొక్కనివ్వడమే మేం చేసిన పొరపాటు. తరగతి గదిలో నీ పక్కన కూర్చుంటే పొగాకు వాసనట. మీ అమ్మకు చెప్పు, నీక్కూడా ఒక చేట కొనిపెట్టమని. నీ స్థాయి అదే."

ఇది నమూనా ప్రదర్శన అనుకున్నారాయన. కానీ ఎక్కడో నమూనా అయిపోయింది. గొంతు మారింది. ఆ మాటలు ఆయనకు అప్పటికప్పుడు తట్టినవి కావని ఆ గదిలో ఉన్న అందరికీ తెలిసింది. ఎన్నాళ్ల నుంచో లోపల ఉన్నవి సర్క్యులర్ దొరికి బయటికి వచ్చాయి.

వైకుంఠం గారి గాడిద మాటలకు ఏనాడూ కదలని మమత, కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. నేను నా బూట్లు చూసుకున్నాను. గుమ్మం దగ్గర ఓదెమ్మ ఒక్కతే మాట్లాడింది.

"ఏం సారువయ్యా నువ్వు? ఆ పిల్ల తల్లి నీ ఇంటికొచ్చి అడుక్కతిన్నదా? చుట్టి బతుకుతున్నది. నీ నోటి కంటె పొగాకు నయం, అది ఊదేటోని కడుపే కాలుస్తది."

నిరంజనం గారు ఆమె వైపు చూడలేదు. "చూశారా? పదహారు సెకన్లు," అన్నారు వైకుంఠం గారితో, గర్వంగా.

వైకుంఠం గారు సొరుగు లాగి, మూడు ఫారాలు తీసి నిరంజనం గారి ముందు పరిచారు. చాలా మర్యాదగా పెన్ను అందించారు.

"రాయుండ్రి సార్. తిట్టినవాళ్లే స్వహస్తాలతోటి రాయాల్నని మీ సర్క్యులరే గద. ఏం అన్నరో మాటకు మాట."

నిరంజనం గారు ఒక్క క్షణం తటపటాయించారు. కానీ తన ఫారాన్ని తానే కాదనడం ఎలా? పైగా ఆయన చేతిరాత బాగుంటుందని పేరు. పద్నాలుగు గడులూ నింపారు. దేన్ని ఉద్దేశించినది: తల్లి వృత్తి, పుట్టుక. తీవ్రత: గరిష్ఠం. అలా మూడుసార్లు రాసి, సంతకం పెట్టి, జేబులోంచి ముద్ర తీసి కొట్టి, "దీనికి పూర్తి మార్కులు సిఫారసు చేస్తాను. సంతకం చెయ్యమ్మా," అని మమత వైపు జరిపారు.

మమత ఫారం తీసుకుంది. పై నుంచి కింది దాకా చదివింది. "తట్టుకున్నాను" అన్న అచ్చు మాట దగ్గర ఆగింది. దాన్ని గీత పెట్టి కొట్టేసి, పక్కన ఏదో రాసింది. మూడు ప్రతుల మీదా రాసి, సంతకం చేసింది.

నిరంజనం గారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "తట్టుకోను. ఏమిటిది? వ్యాకరణం కూడా రాదా? తట్టుకోలేకపోయాను అని రాయాలి. అప్పుడు నిన్ను బలహీనుల జాబితాలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇప్పిస్తాం."

"తట్టుకోలేక కాదు సార్," అంది మమత. "నేను తట్టుకోను."

"అలాంటి గడి ఫారంలో లేదు!"

"అందుకే పక్కన రాసిన."

నిరంజనం గారు ఫారాలు లాక్కోబోయారు. అప్పటికే మమత తన ప్రతిని పుస్తకంలో పెట్టుకుంది. ఆఫీసు ప్రతి వైకుంఠం గారి బీరువాలోకి వెళ్లి తాళం పడింది.

"అది ఇటివ్వండి. అది నమూనా మాత్రమే."

"రికార్డుల పడ్డ కాయితం బయటికి రాదు సార్," అన్నారు వైకుంఠం గారు ఎంతో వినయంగా. "ఇరవై ఆరేండ్ల సర్వీసు నాది. గుంజిన మొగోన్ని చూడలే."

బల్ల మీద మిగిలిన మూడో ప్రతిలో సమన్వయకర్త సంతకానికి చోటుంది. నిరంజనం గారు నా వైపు చూశారు. ఆ చూపులో నా పన్నెండో పొడిగింపు ఉంది. మమత నా వైపు చూడలేదు. నేనేదో చేస్తానని ఆమె అనుకోలేదు, అదే నాకు గుచ్చుకుంది. పెన్ను తీసి "నా సమక్షంలో జరిగినది" అని రాసి సంతకం చేశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి.

మమత తన ప్రతిని జతచేసి ఫిర్యాదు ఇచ్చింది. విచారణ సంఘం వేశారు. మా విశ్వవిద్యాలయంలో విచారణ అంటే సాక్షులు దొరక్క మూడేళ్లు పడుతుంది. దీనికి ఇరవై నిమిషాలు పట్టింది. నిందితుడే నేరాన్ని మాటకు మాట, అందమైన చేతిరాతతో, సమయంతో సహా, ముద్ర వేసి, మూడు ప్రతుల్లో రాసి ఇచ్చిన కేసు సంఘం పెద్దలు అంతకు ముందు చూడలేదట. నిరంజనం గారు మమతకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పి, అనారోగ్య కారణాల మీద విభాగాధిపతి పదవి వదులుకున్నారు. నేను ఆశ్చర్యపడేలా నా పొడిగింపు వచ్చింది. ఆ కాగితం మీద సంతకం పెట్టవలసిన కుర్చీలో ఆ వారం ఎవరూ లేకపోవడం వల్ల, పాతది దానంతటదే కొనసాగిందని తర్వాత తెలిసింది.

మార్కుల సంగతి తేలలేదు. "తట్టుకోను" అన్న జవాబుకు ఎన్ని మార్కులు వెయ్యాలో ఏ నిబంధనలోనూ లేదు. పరీక్షల విభాగం నెల రోజులు తల పట్టుకుని, చివరికి పేపరునే రద్దు చేసి అందరినీ పాస్ చేసింది. మమత జూన్ మొదటి వారంలో ఉద్యోగంలో చేరింది.

సర్క్యులర్‌ను మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు. రద్దు చెయ్యాలంటే అసలు ఎందుకు పెట్టామో రాయాలి. కొత్త విభాగాధిపతి మధ్యేమార్గంగా ఫారాన్ని సవరించి, అడుగున రెండు గడులు వేయించారు: "తట్టుకున్నాను", "తట్టుకోను". రెండు వేల ప్రతులు అచ్చు వేయించాం. మొదటి వారంలో అరవై ఒక్క మంది విద్యార్థులు, ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో, ఆఫీసుల్లో, ఒక్కరూ తప్పకుండా రెండో గడిలో టిక్కు పెట్టారు. ఆ ఫారాలు చూసి ఒక హాస్టల్ వార్డెన్ సెలవు పెట్టాడు. రెండో వారం నుంచి మా పిల్లలున్న చోట ఎవరూ ఎవరినీ ఏమీ అనడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. మిగిలిన ఫారాల కట్టలు నా గదిలో మూలన పడేశారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం నా గది తలుపు దగ్గర ఒకావిడ వచ్చి నిలబడింది. నలభై ఐదేళ్లుంటాయి. వేళ్ల కొసలు పసుపుపచ్చగా ఉన్నాయి. వెనక మరో ముగ్గురు ఆడవాళ్లు.

"నేను మమత వాళ్ల అమ్మను సారూ," అంది.

నేను లేచి నిలబడ్డాను. ఆమె కూర్చోదలచుకోలేదు. నా వెనక మూలన ఉన్న కట్టల వైపు చూసింది.

"మా దగ్గర బీడీలు తీస్కునే గుమాస్తా ఉన్నడు. రోజు ఒర్రుతడు. ఇది లావుంది, అది సన్నముంది, నీ మొకం గిట్లుంది అనుకుంట. మీ దగ్గర తట్టుకోను అనే కాయితాలు మిగిలినయంట గద. మేం రెండు వందల మందిమి ఉన్నం. ఎన్ని ఇస్తరు?"

విశ్వవిద్యాలయం ముద్రణ సామగ్రిని బయటివారికి ఇవ్వరాదన్న నిబంధన ఒకటి ఉంది. దాన్ని ఆమెకు చెప్పాను. ఆమె విన్నది. తర్వాత వెళ్లి ఒక కట్ట ఎత్తి, బరువు చూసుకుని, పక్కావిడకు అందించింది. నేను రెండోది ఎత్తి ఇచ్చాను.